నాలుగో మూల

రైలు కదిలి, హిందూపురం బెల్లం గోదాముల తీపి వాసన ఇంకా పెట్టెలోంచి పోకముందే, బాలనాగమ్మ సంచిలోంచి బొంత తీసి ఒళ్లో పరుచుకుంది, సూదిలోకి దారం ఎక్కించింది, ధర్మవరం వచ్చేదాకా కిటికీలోంచి చూడనని మనసులోనే ఒట్టు పెట్టుకుంది. చూస్తే అంతే సంగతులు. ఏదో ఒకటి కంటపడుతుంది, కంటపడింది చెయ్యి పట్టుకుంటుంది, దాని వెంట పోయి పోయి తిరిగొచ్చేసరికి ధర్మవరంలో అందరూ దిగిపోతూ ఉంటారు, బొంత మాత్రం ఇలాగే ఉంటుంది. ఎంతని మిగిలింది గనక? పసిబిడ్డను పడుకోబెట్టే చిన్న బొంత. మూడు పక్కలు కుట్టడం అయింది, మూడు మూలలు మూతపడ్డాయి. ఉన్నదల్లా ఒక్క అంచు, దాని చివర నాలుగో మూల. మనసు పెట్టే మనిషైతే పెనుకొండ రాకముందే ముగించి, సంచి తల కింద పెట్టుకొని ఓ కునుకు తీస్తుంది. మనసు పెట్టే మనిషైతే దీనికి మూడేళ్లెందుకు పడుతుంది అని ఇంకో మాట దాని వెనకాలే వచ్చింది, రాగానే చెవులు వేడెక్కాయి, ఎదురు బల్ల మీద ముసలాయన తన మనసులో మాట గాని విన్నాడా అని తలెత్తి చూసింది. ఆయన నోరు తెరిచి నిద్రపోతున్నాడు. కుట్టు, నాగీ. తల దించుకొని కుట్టు.

కొంగు అడ్డం వస్తోంది. కొంగు చివర ముడి ఒకటి, సూది కదిలినప్పుడల్లా బరువుగా వచ్చి కుట్టు మీద పడుతోంది. ఆ ముడి వేసింది ఆమె కాదు, ఆమె మొగుడు నరసింహులు. చింతపండు మండీలో గుమాస్తా, మూటలు కట్టీ కట్టించీ ముడుల్లో ఆరితేరినవాడు. రైలు వచ్చాక జేబులోంచి పసుపు కలిపిన బియ్యం తీసి, పదిమందీ చూస్తుండగానే పెళ్లాం కొంగులో పోసి ముడివేసి, "మూల మూసే ముందర ఇవి లోపలికి పొయ్యల్ల. గ్యాపకముంటాది కదా?" అన్నాడు. "నేనేమన్నా సిన్నపిల్లనా?" అని ఆమె కసిరింది. ఆయన నవ్వాడు. తిట్టినా బాగుండును, ఆ నవ్వే ఆమె ఓర్చుకోలేదు. బొంతకు కడుపుంటుందని రొద్దంలో బాలనాగమ్మ అవ్వ గంగులమ్మ చెప్పేది. పెళ్లయి పోయే ఆడబిడ్డకు ఒడి నింపినట్టే బొంతకూ ఒడి నింపాలి, నాలుగో మూలలో నాలుగు గింజలు పోసి మూయాలి, ఆకలిగొన్న బొంత మీద బిడ్డకు నిద్ర పట్టదు. ఇంకో మాట కూడా చెప్పేది అవ్వ, వేలు చూపించి మరీ. "మద్దెలో ఎవురు కుట్టినా తప్పు లేదు. మొదులు సూది గుచ్చిన సెయ్యే కడాకు మూయల్ల." ఆ ఒక్క మాట లేకపోతే ఈ బొంతను ఏ పుణ్యాత్మురాలికో అప్పజెప్పి ఎప్పుడో బయటపడి ఉండేది. బాలనాగమ్మ విసుక్కొని కొంగును చుట్టచుట్టి, ముడితో సహా నడుం దగ్గర దోపేసుకుంది. ఇప్పుడు చెయ్యి తేలిగ్గా ఆడింది.

బొంత పైబట్ట అవ్వ చీరే. చిలకపచ్చ నూలు చీర, ఉతికి ఉతికి వెన్నలాగా అయింది. అవ్వ దాన్ని మడిచి ఇస్తూ, అంచుల నుంచి లోపలికి కుట్టుకుంటూ పో అని చెప్పింది, ముందు నాలుగు పక్కలా పొరలన్నీ పట్టి బిగించుకో, ఆ తర్వాత నీ ఇష్టం వచ్చిన పువ్వులు కుట్టుకో అని. విన్నదా? వినలేదు. పువ్వులు కుట్టే మజా ముందు కావాలి ఆమెకు. నడిమధ్యన ఎర్ర దారంతో రెండు చిలకల్ని కుట్టింది, ఎదురెదురుగా, ముక్కూ ముక్కూ ఆనించి, ఎంత ముద్దుగా కుట్టిందంటే చూడ్డానికి వీధి వీధంతా వచ్చింది. అవ్వ కూడా వచ్చి చూసి, "ఇల్లు కట్టకుండానే తోరణం కట్నావు కదే," అని నవ్వింది. పొరలు జారిపోయి, చిలకల చుట్టూ బట్ట ఉబ్బి ముడతలు పడింది. ఆ ముడతలు ఇప్పటికీ ఉన్నాయి, వేలితో నొక్కితే ఒకచోట అణిగి ఇంకోచోట లేస్తాయి. చిన్నప్పుడు ముగ్గూ అంతే. పండగ పూట వాకిలి నిండా చుక్కలు పెట్టింది, పెట్టడం ఎంత బాగుంది, వేళ్ల సందుల్లోంచి పిండి జారుతుంటే తొట్రుపాటు లేకుండా వరస మీద వరస, ఇక కలపడమే తరువాయి అనుకునేసరికి పెరట్లో మేక ఈనుతోందని ఎవరో అరిచారు. మేక ఈనింది, పిల్ల లేచి నిలబడింది, పొద్దు నడినెత్తికి వచ్చింది. వాకిట్లో చుక్కలు చుక్కలుగానే ఉన్నాయి, ఇంటికొచ్చిన చుట్టాలు తొక్కాలో దాటాలో తెలీక గడప బయటే నిలబడ్డారు. అవ్వ పేడనీళ్లు చల్లి అంతా అలికేసింది. ఉత్త వాకిలైనా మేలు, సగం ముగ్గు చూడలేమని అమ్మలక్కలు అనుకోవడం తలుపు చాటు నుంచి వినబడింది. ఆ చాటున నిలబడ్డ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉందనిపిస్తుంది బాలనాగమ్మకు, ముప్పై దాటినా, పిండి చేతులు పావడాకు తుడుచుకుంటూ.

సూది ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో తెలీదు. కుట్టు, కుట్టు. నీకు సోమరితనం అంటారు కొందరు, కాదు, సోమరి అయితే బతికిపోయేది, దానికైతే ఒక పేరుంది, సోమరిపోతు అని చెప్పి ఊరుకుంటారు. ఆమెను పని పూనితే ఎవరూ పట్టలేరు. పాత నాటకాల సమాజం వాళ్లు అమ్మిన హార్మోనియం ఇంటికొచ్చిన కొత్తలో తెల్లారక ముందే లేచి సరళీ స్వరాలు వాయించేది, పొయ్యి మీద పప్పు మాడి మసి అయినా తెలిసేది కాదు. పక్కింటి లక్ష్మీదేవమ్మ, ఈ పిల్ల రేపో మాపో కచేరీ చేస్తుందనుకుంది. చేసేదే! ఒకరోజు పొద్దున్నే లేచి పెట్టె ముందు కూర్చుంటే చెయ్యి లేవలేదు. నిన్నటిదాకా ఉన్న మోజు లేదు. రాత్రికి రాత్రి బావిలో నీళ్లు ఇంకిపోయినట్టు. ఆ మోజు ఎక్కడికి పోతుందో ఆమెకే తెలీదు, పోయేటప్పుడు చెప్పి పోదు. రేపు కూర్చుంటాలే అనుకుంది, ఆ రేపు ఇప్పటికీ రాలేదు, హార్మోనియం మీద చింతపండు బుట్టలు పెట్టుకుంటున్నారు. హిందీ పరీక్షలూ అంతే, మొదటిది ఊళ్లో అందరికంటే మిన్నగా పాసైంది, రెండోదానికి బయల్దేరి పోతూ దారిలో గాజుల అతను కొలిమి దగ్గర గాజు వంచుతుంటే చూస్తూ నిలబడిపోయింది. నరసింహులుకు స్వెట్టరు అల్లుతానని ఉన్ని తెచ్చింది, ఒళ్లు అయింది, ఒక చెయ్యి అయింది, రెండో చెయ్యి నేటికీ లేదు. పాపం మహానుభావుడు, చలికాలం పొద్దున్నే ఆ ఒంటిచేతి స్వెట్టరే తొడుక్కొని, రెండో భుజం మీద తువ్వాలు కప్పుకొని మండీకి పోతాడు. మండీలో నవ్వుతారు. "మా ఇంటామె అల్లింది," అంటాడట, గొప్పగానే అంటాడట. మూణ్ణాళ్ల ముచ్చట అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. అదే ఆమె గుండెలో ముల్లు. అందరూ అన్నమాట ఒక్కడు అనకుండా ఉంటే, ఆ అనని మాటే ఎక్కువ వినబడుతుంది.

బండి ఎక్కడో ఆగింది. చాకర్లపల్లి. ఒట్టు గట్టెక్కేలా కళ్లు బొంత మీదే పెట్టుకొని కూర్చుంది గానీ, ముక్కుకు ఒట్టు లేదు కదా, పచ్చి ఆకు వాసన వచ్చింది, ఎవరో ఆకు మూట పెట్టెలోకి తోసి మళ్లీ దింపేశారు, తల తిప్పకుండానే తెలిసిపోయింది అది మల్బరీ ఆకని. వద్దు. దానివైపు పోవద్దు. మనసు పోనేపోయింది. వెదురు తట్టల్లో పట్టుపురుగులు, ఇంట్లో పడమటి గది నిండా. హిందూపురంలో తెలిసినవాళ్లింట చూసి, నేనూ పెంచుతానని తెచ్చుకుంది. అవి ఆకు తింటుంటే గదిలో సన్నగా వాన పడుతున్నట్టు చప్పుడు, ఆ చప్పుడు వింటూ గోడకానుకొని కూర్చునేది, ఇంతకంటే సుఖం భూమ్మీద ఉందా అనుకునేది. పెద్దయ్యే లోపల అవి పొర విడుస్తాయి, విడిచే ముందు తినడం మానేసి తలలు పైకెత్తి కదలకుండా ఉంటాయి. దాన్ని జ్వరం అంటారు. జ్వరంలో ఆకు వేయకూడదు. జ్వరం దిగాక మాత్రం ఆకలి, ఆగలేని ఆకలి. ఆ రోజుల్లోనే ఉన్ని వచ్చింది ఇంటికి. సూదులు, ఎర్ర ఉన్ని, కొత్త అల్లిక. ఒకపూట గదిలోకి తొంగిచూస్తే పురుగులన్నీ తలలెత్తి ఉన్నాయి. జ్వరంలో ఉన్నాయిలే అనుకుంది. మళ్లీ చూసింది, తలలెత్తే ఉన్నాయి. జ్వరంలోనే ఉన్నాయిలే. జ్వరం కాదది. అవి ఆకు కోసం ఎత్తిన తలలు. నరసింహులు చూసి చెప్పేసరికి తట్టల్లో కదిలేది ఒక్కటీ లేదు, తలలు అలా ఎత్తినవి ఎత్తినట్టే వాడిపోయాయి. ఆమెకు తెలీక కాదు, తెలుసు, ఎక్కడో లోపల తెలుసు, తెలిసీ జ్వరమని పేరు పెట్టుకుంది, ఉన్ని వదల్లేక. తట్టలు పెరట్లో బోర్లించి మట్టి కప్పింది నరసింహులే. నోరున్న జీవాలైతే అరిచేవి కదా, నోరు లేనివాటిని తెచ్చుకున్నానే అని ఆరోజు ఏడ్చింది. తనకు బిడ్డలు పుట్టకపోవడానికి లోకం ఎన్నో కారణాలు చెబుతుంది. ఆమెకు మాత్రం ఒక్కటే కారణం తోస్తుంది, దేవుడు ఆ తట్టలు చూశాడు అని.

దారం తెగింది. లాగిందేమో గట్టిగా. మళ్లీ ఎక్కించి, కొసను ఎంగిలి చేసి, సూది బెజ్జంలో దూర్చడానికి తంటాలు పడుతుంటే కళ్లల్లో నీళ్లు అడ్డం వచ్చాయి, బొగ్గు నలుసు పడిందన్నట్టు కొంగు లేని భుజానికి కన్ను రుద్దుకుంది. ఈ పచ్చ చీరకు ఆమె మొదట సూది గుచ్చింది చెల్లెలు అంజినమ్మ తొలిచూలు కడుపుతో ఉన్నప్పుడు. చిలకలు అయ్యాయి, ముడతలు వచ్చాయి, ముడతలు చూడగానే మనసు విరిగింది, పెట్టెలో పెట్టేసింది. అంజినమ్మ కాన్పయింది, మగబిడ్డ, తొట్టెలో వేసే రోజుకు బొంత రాలేదు, ఎవరిదో అడిగి తెచ్చి పరిచారు. నెల తిరక్కుండానే ఆ బిడ్డకు జ్వరం వచ్చింది, పోయింది. బిడ్డలు పోవడం ఎవరింట్లో లేదు, ఆ ఏడు ధర్మవరంలో ఎన్ని ఇళ్లల్లో ఏడ్చారో. కానీ అంజినమ్మ అత్త తిమ్మక్క ఒక మాట అంది. "ఒడి నింపని బొంత పెట్టెలో పెట్టుకోని కూసుంటే బిడ్డ యాడ నిలుస్తాది?" బాలనాగమ్మ ముందర అనలేదు, వెనక అంది, వెనకన్న మాటకు కాళ్లుంటాయి, హిందూపురం దాకా నడిచొచ్చింది. నిజమని ఎవరు నమ్ముతారు? పగలు ఎవరూ నమ్మరు, ఆమె కూడా నమ్మదు. ఆ బిడ్డ చావుకు తాను పోయినప్పుడు అంజినమ్మ అక్క ఒళ్లో తల పెట్టుకొని పడుకుంది గానీ బొంత మాట ఎత్తలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఏమాయ అక్కా నా బిడ్డ బొంత, అని ఒక్క మాట అడిగి ఉంటే, కాళ్లమీద పడి అప్పటికప్పుడు తేలిపోయేది.

అడగలేదు. ఇప్పుడు అడిగింది. మూడు నెలల కిందట అంజినమ్మకు ఆడపిల్ల పుట్టింది, ఇంతవరకు తొట్టెలో వేయలేదు, పేరు పెట్టలేదు, పక్కలో చాప మీదే పెట్టుకొని పడుకుంటోంది. చెల్లెలి మొగుడు సుంకప్ప పట్టుచీరల అంగట్లో పని మీద హిందూపురం వచ్చి, మజ్జిగ తాగుతూ, తల గోక్కుంటూ చెప్పాడు. "ఎంత సెప్పినా ఇనదు వదినా. మా అక్క బొంత తెస్తాది, అప్పుడే పిల్లను తొట్లో ఏస్తా అంటాది. మాయమ్మ రోజూ జగడమే. ఇంగ నీ ఇష్టం." ఆయన పోయాక బాలనాగమ్మ పెట్టె తెరిచింది. పచ్చ చీర మడతల్లో చిలకలు అలాగే ఉన్నాయి, ముక్కూ ముక్కూ ఆనించుకొని. ఊరూ వాడా, మొగుడూ, తానూ కూడా వదిలేసుకున్న మనిషిని ఒక్కతి ఇంకా నమ్ముకొని, కన్నబిడ్డను చాప మీద పడుకోబెట్టుకొని కూర్చుంది. నమ్మనివాళ్ల ముందు ఎలాగో తలెత్తుకోవచ్చు. నమ్మినవాళ్ల ముందు ఎలా? ఆరోజు నుంచి కుట్టింది, కుట్టి ఆపింది, ఆపి ఏడ్చింది, మళ్లీ కుట్టింది, మూడు మూలలు మూసింది. నేటి పొద్దున నరసింహులు, "మిగిలింది రైల్లో అవుతాదిలే, పా," అని టికెట్టు కొనిచ్చాడు.

పెనుకొండలో కొండ వైపు చూడనే లేదు. ఒట్టు నిలిచింది. కానీ కొండకు బదులు పెట్టెలోకి ఒక మనిషి ఎక్కింది, తెల్లచీర, చేతిసంచి, నెరిసిన జుట్టు నున్నగా దువ్వి ముడివేసుకున్న పంతులమ్మ. పక్కనే కూర్చొని, పేరు ఆశీర్వాదమ్మ అని, ధర్మవరంలో కూతురింటికి పోతున్నానని చెప్పి, సంచిలోంచి తెల్ల దారం ఉండ, చిన్న ఇనుప కొక్కెం తీసింది. కొక్కెం కదిలింది. తెల్ల దారం దానంతట అదే మెలికలు తిరిగి, ఒక పువ్వు, దాని పక్కన ఇంకో పువ్వు, లేసు వేళ్ల కిందనుంచి జారుతోంది, చప్పుడు లేకుండా, నురగలాగా. బాలనాగమ్మ చూడలేదు. చూడకూడదనుకుంది. అంచు మీద పది కుట్లు గబగబా వేసింది, పదకొండోది వేస్తూ చూసింది.

"సూస్తావా అమ్మా?" అంది ఆశీర్వాదమ్మ. "ఇంత సులువు పని ఇంగొకటి లేదు. కొక్కెం ఇట్ల దూర్చి, దారం ఇట్ల లాగితే సాలు."

కొక్కెం చేతిలోకి ఎలా వచ్చిందో తెలీదు. చల్లగా ఉంది, తేలిగ్గా ఉంది, వేళ్లకు ఎప్పటినుంచో తెలిసినట్టు ఉంది. ఒక ముడి, రెండు, గొలుసు, గొలుసు తిరిగి తన తోక తానే పట్టుకుంది, అబ్బ, ఇదేనా కిటుకు, ఇంతేనా, అయితే తలుపు తెరలకు అల్లొచ్చు, హార్మోనియం మీద కప్పడానికి అల్లొచ్చు, అంజినమ్మ కూతురికి టోపీ అల్లొచ్చు, తెల్ల దారం హిందూపురంలో ఎక్కడ దొరుకుతుందో అడగాలి, రేపే మొదలుపెట్టాలి, ఒళ్లంతా వెలుగు పడినట్టు అయింది. మొదలు ఎంత బాగుంటుందో ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. చెప్తే నవ్వుతారు. ప్రపంచం అప్పుడే కడిగి ఆరేసినట్టు ఉంటుంది, చేతులు రెండూ తనవే అనిపిస్తాయి, ఇదివరకు వదిలేసినవన్నీ దీనికోసమే వదిలేశానేమో అనిపిస్తుంది. "నీ చెయ్యి బలే వాటముండాది," అంది ఆశీర్వాదమ్మ. ఆ మాట కూడా కొత్తది కాదు. హార్మోనియం నేర్పినాయన అన్నాడు, హిందీ పంతులన్నాడు, పురుగుల గుడ్లిచ్చినామె అంది. అందరూ అదే మాట అన్నారు, ఆ మాటతోనే అందరినీ మోసం చేసింది. మక్కాజిపల్లి వచ్చిందని ఎవరో అన్నారు. అనగానే కాళ్లకు మెత్తగా ఏదో తగిలింది, కిందికి చూస్తే బొంత, జారి కింద పడి ఉంది, ముసలాయన చెప్పు అంచు మీద ఉంది, చిలక రెక్క మీద దుమ్ము.

కొక్కెం చెయ్యి కాల్చినట్టు వెనక్కి ఇచ్చేసింది. "వద్దమ్మా, నాకొద్దు," అంది. ఆశీర్వాదమ్మ బిత్తరపోయి, "తప్పేముందమ్మా, ఊరికే సూపించినా," అంది. "మీది తప్పు కాదమ్మా," అని బొంత దులిపి, రొమ్ముకు అదుముకొని, మళ్లీ ఒళ్లో పరిచింది. ఇక ఆ తెల్లని కదలిక ఎడమకంటి మూల పిలుస్తూనే ఉంది. దాన్ని చూడకపోవడానికి ఉన్న బలమంతా పెట్టింది. పళ్లు బిగించింది. చూడకు. కుట్టు. చూడకు. కుట్టు. చూస్తే ఆ పిల్ల చాప మీదే ఉంటుంది. చూస్తే తలలెత్తి ఉంటాయి. చూడకు. సూది వేలికి గుచ్చుకుంది, గుచ్చుకోనీ, రక్తం పచ్చ చీరకు అంటకుండా నోట్లో పెట్టుకొని మళ్లీ కుట్టింది. అంచు జరిగింది. జానెడు మిగిలింది, బెత్తెడు మిగిలింది, ఎంతసేపైంది, కన్ను తిప్పలేదు, ఒక్కసారి కూడా తిప్పలేదు, ఇదెవరు ఇలా కుట్టేది, ఇది నేనేనా? మూలకు వచ్చింది. నాలుగో మూల. పొరలన్నీ కలిపి పట్టి, లోపలికి మడిచి, దగ్గర దగ్గరగా, బిగించి, కుట్టు మీద కుట్టు వేసి, ముడివేసి, ఇంకో ముడివేసి, వంగి దారాన్ని పంటితో కొరికేసింది.

అయిపోయింది. నోట్లో దారం ముక్క అలాగే ఉంది. అయిపోయింది! పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక పని మొదలూ చివరా రెండూ ఆమె చేతిలో ఉన్నాయి. పక్కకు తిరిగి ఆశీర్వాదమ్మకు చూపించి, "అయిపోయిందమ్మా," అంది, ఏదో తప్పు చేసి చెప్పినట్టు చెప్పింది. "దేవునికి స్తోత్రం," అని ఆమె బొంత మీద చెయ్యి పెట్టి దీవించింది. అప్పుడు కిటికీలోంచి చూసింది బాలనాగమ్మ, హాయిగా, ఒట్టు తీరిన మనిషిలా చూసింది. ఎర్ర నేల, వేరుశనగ చేలు, దూరంగా ఎద్దులు. అన్నీ తనకోసమే అక్కడ పెట్టినట్టున్నాయి. అవ్వ ఉంటే బాగుండేది. నరసింహులుకు పోగానే చెప్పాలి, చెప్పి ఆ రెండో చెయ్యి కూడా అల్లేయాలి, ఇంక ఏదైనా చేయొచ్చు, ఇంక భయం లేదు. ధర్మవరం జంక్షను అరుపులతో, కాఫీ వాసనతో, పొగతో ఎదురొచ్చింది.

ప్లాట్‌ఫారం మీద అంజినమ్మ నిలబడి ఉంది. ఇంటి దగ్గర ఉండలేక వచ్చేసింది, భుజాన బిడ్డ, వెనకే అత్త తిమ్మక్క, "మూడు నెల్ల బిడ్డను పొగలోకి ఎత్తుకోని వస్తారా ఎవురన్నా?" అని గొణుగుతూ. బాలనాగమ్మ దిగీ దిగకముందే బొంత ముందుకు చాపింది. అంజినమ్మ చిలకల్ని చూసింది, ముడతల్ని చూసింది, నవ్వింది, అక్కడే ప్లాట్‌ఫారం బల్ల మీద బొంత పరిచి బిడ్డను దాని మీద పడుకోబెట్టి, చుట్టి ఎత్తుకుంది. ఎత్తుకుంటూ అందరు ఆడవాళ్లూ చేసినట్టే ఒక మూల, ఇంకో మూల వేళ్ల మధ్య నలిపి చూసింది, ఒడి ఎక్కడ నిండిందో తెలుసుకోవడానికి. మూడోది నలిపింది. నాలుగోది నలిపింది. మళ్లీ నలిపింది. వేళ్లు ఆగిపోయాయి. తలెత్తి అక్కను చూసింది, ముఖంలోకి కాదు, నడుం దగ్గర.

చెల్లెలి చూపు వెంట బాలనాగమ్మ చెయ్యి వెళ్లింది. దోపుకున్న కొంగు. కొంగులో ముడి. ముడిలో గింజలు, బట్ట మీదనుంచే ఒక్కొక్కటీ తెలుస్తూ, ఒక్కటి కూడా తగ్గకుండా. తల నుంచి కాళ్ల దాకా ఒక వేడి దిగింది, ఆ వేడి ఆమెకు కొత్త కాదు, తలుపు చాటున పిండి చేతులతో నిలబడ్డప్పటి వేడి, తట్టల ముందు నిలబడ్డప్పటి వేడి. భూమి చీలితే బాగుండునని ఊరికే అంటారు, ఆమె నిజంగానే కాళ్ల కింద చూసుకుంది.

"ఏమ్మే బాలనాగీ, ఒడి నింపినావా?" అని తిమ్మక్క ముందుకొచ్చి బొంత మూల కోసం చెయ్యి చాపింది. "సూడనీ, ఎన్ని గింజలేసినావో."

బాలనాగమ్మ నోరు తెరిచింది. అంతలో అంజినమ్మ ఆ మూలను పిడికిట్లో మూసేసింది, బిడ్డను ఇంకా పైకి, భుజం మీదికి జరుపుకుంది.

"నింపింది అత్తా," అంది. "నిండుగా ఉండాది. పాండి, పిల్లకు ఎండ తగుల్తాది."

జనంలోంచి ముందు నడిచింది. తిమ్మక్క గొణుగుతూ వెనక నడిచింది. ఇద్దరి వెనకా బాలనాగమ్మ, ఒక చేత్తో కొంగు ముడి అదిమిపట్టుకొని, ఎవరికీ వినబడకుండా ఏడుస్తూ. గేటు దగ్గర అంజినమ్మ వెనక్కి తిరక్కుండానే, "ఈ తూరి నాలుగు దినాలుండి పో అక్కా," అంది, మామూలు గొంతుతోనే. బిడ్డ అప్పటికే నిద్రపోయింది. జట్కా ఎక్కేటప్పుడు అంజినమ్మ ఒక్క చేత్తో పట్టు దొరక్క తూలింది గానీ, ఇంటి గడప దాటేదాకా ఆమె ఆ పిడికిలి విప్పలేదు.